ఆపా ఫ్రిజ్‌లో నర్గిస్

అది ఉల్లిగడ్డ కాదని కోసేదాకా బహూకి తెలియలేదు.

నవంబర్‌లో ఒక ఆదివారం. నాష్తాకి ఖాగీనా చేద్దామని ఫ్రిజ్‌లో కింది సొరుగు లాగింది. కాగితం సంచిలో గోధుమరంగు పొట్టుతో గుండ్రంగా ఉన్నవాటిలోంచి ఒకటి తీసి, పొట్టు వొలిచి, నడిమికి కోసింది. కళ్లు మండలేదు. ఘాటు లేదు. చాకుకి మాత్రం జిగురుగా ఏదో అంటుకుంది. "అమ్మీజాన్, ఈ ప్యాజ్ ఖరాబైనట్టుంది" అని కేకేసింది. తస్బీహ్ చేతిలో పట్టుకునే మా ఆపా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. చాకు లాక్కుంది. కోసిన ముక్కల్ని కాగితంలో చుట్టి పారేసింది. బహూ చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించింది. అప్పుడు పీట మీద కూలబడి, "నర్గిస్‌ని కోసేసినవు బేటీ" అంది.

నర్గిస్ గడ్డలో విషం ఉంటుంది. తింటే వాంతులు, కడుపునొప్పి. ఉల్లిగడ్డ అనుకుని వండుకుని ఆస్పత్రి పాలైనవాళ్లు పరాయి దేశాల్లో ఉన్నారు. అల్లా దయవల్ల మా ఇంట్లో ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. కానీ జుహర్ వేళకి ఖబర్ మలక్‌పేట నుంచి మా ఇంటికి, మా ఇంటినుంచి షార్జాకి పాకిపోయింది. "ఆపా ఫ్రిజ్‌లో జహర్ దాచుకుంది!"

అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వుకి మాఫీ ఉంటుంది. నవ్విన తర్వాత నేనన్న ఒక మాట ఉంది. దాని గురించే ఇదంతా రాస్తున్నా.

మా ఆపా నాకంటే పదహారేళ్లు పెద్దది. నేను అలిఫ్, బే నేర్చుకున్నది ఆమె ఒళ్లో కూర్చునే. ముప్ఫై నాలుగేళ్లు సర్కారీ ఉర్దూ మీడియం బడిలో ఉర్దూ చెప్పింది. రిటైరై ఏడాది దాటింది. దుల్హేభాయ్ పోయి నాలుగేళ్లయింది. కొడుకు షార్జాలో ఉంటాడు. ఇక్కడ ఆపా, బహూ, ఇద్దరు పిల్లలు.

అక్టోబర్‌లో ఆమె ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టి పదిహేను గడ్డలు తెప్పించుకుంది. ఆరు నర్గిస్, నాలుగు సుంబుల్, ఐదు లాలా. నార్సిసస్, హయసింత్, ట్యూలిప్ అంటే మీలో కొందరికి తెలుస్తుంది. మన పెరళ్లలో పూయని పువ్వులకి తెలుగు పేర్లెక్కడినుంచి తేను?

ఎందుకు ఆపా ఇవన్నీ అని అడిగితే ఆమె చెప్పింది ఇది. "ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి చెప్పిన ఛోటే. నర్గిస్ అంటే మాషూఖ్ కన్ను. సుంబుల్ అంటే జుల్ఫ్. లాలా గుండెల నల్లటి దాగ్ ఉంటది. వీటిల ఒక్క పువ్వుని కూడా నేను చూడలే. ఒకసారి ఒక పిల్ల లేచి అడిగింది, మిస్, లాలా ఎట్లుంటది అని. ఎర్రగుంటది బేటా, కూర్చో అన్న. జూట్ చెప్పలే. కానీ సచ్ చెప్పినట్టు కూడా కాదు గదా."

ఆ బాధ ఏమిటో ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి బాగా తెలుస్తుంది. మా ఊళ్లో బడి వెనక మోదుగు చెట్లుండేవి. బతుకమ్మ నాటికి గట్ల మీద తంగేడు, గునుగు విరగబూసేవి. తరగతి గదిలోకి రాగానే అవన్నీ బయటే ఆగిపోయేవి. లోపల నర్గిస్, సుంబుల్, లాలా. "నర్గిస్‌ని దేనితో పోలుస్తారు?" అని ప్రశ్న. "కన్నుతో" అని జవాబు. రెండు మార్కులు. ఆ కన్ను తెల్లగా ఉంటుందో నల్లగా ఉంటుందో మాకు తెలియదు. చెప్పే మాస్టారుకీ తెలియదు. ఈ ఫిర్యాదు నేను కొత్తగా చేస్తున్నది కాదు. మౌలానా ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లోనే తన ఆబ్-ఎ-హయాత్‌లో మన షాయర్లను నిలదీశాడు. ఇంటి ముందున్న చంపా చమేలీని, కోయిలని వదిలేసి ఎక్కడో ఈరాన్ తోటల బుల్‌బుల్‌నీ నర్గిస్‌నీ పట్టుకుని వేలాడుతున్నారేమిటని.

కాలేజీలో తెలుగు తీసుకున్నాక నాకు కొంచెం ఊరట దొరికింది. మనుచరిత్ర చదివాం. అరుణాస్పదం నుంచి ప్రవరుడు కాళ్లకి పసరు రాసుకుని హిమాలయానికి వెళతాడు. ఆ మంచుకి పసరు కరిగిపోతుంది. ఇంటికి తిరిగిరాలేక చిక్కుకుపోతాడు. హంపీ ఎండల్లో కూర్చుని వినేవాళ్లకి పెద్దన ఆ మంచు చూపించాడు. అది చదివిననాడు అనుకున్నా, చూడని చలిని తల్చుకోవడం ఒక్క ఉర్దూకి పట్టిన జబ్బు కాదు, వేడి దేశపు మనుషులందరికీ ఉన్న ఒక తమన్నా అని. ఆపా చేసింది కూడా అదే. కాకపోతే ఆమె పసరు రాసుకుని హిమాలయానికి పోలేదు. ఆ చలినే తెచ్చి కూరగాయల సొరుగులో పెట్టుకుంది.

ఈ గడ్డల సంగతి తెలుసుకుంటే మనసుకి ఒక రకమైన సుకూన్ దొరుకుతుంది. లాలా, సుంబుల్ గడ్డల్లో పువ్వు ముందే తయారై ఉంటుంది. మొగ్గ లోపలే చిన్నగా ముడుచుకుని కూర్చుంటుంది. అది బయటికి రావాలంటే చలి కావాలి. ఒకరోజు రెండురోజుల చలి కాదు. పది, పన్నెండు వారాలు, లాలాకైతే ఇంకా ఎక్కువ, అయిదారు డిగ్రీల దగ్గర అట్లా పడుండాలి. ఆ చలిలోనే గడ్డలో దాచుకున్న పిండి మెల్లగా చక్కెరగా మారుతుంది. కాడ సాగడానికి బలం వస్తుంది. చలి చాలకపోతే కాడ నేలబారుగా ఆగిపోతుంది, మొగ్గ లోపలే ఎండిపోతుంది. జనవరి రాత్రుళ్లు మన హైదరాబాద్‌లో పధ్నాలుగు, పదిహేను డిగ్రీలుంటే మనం మఫ్లర్ చుట్టుకుంటాం. లాలాకి అది చలి కిందే లెక్కకాదు. అందుకే ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌లోనూ ఒక జాగ్రత్త. పక్కన సేబ్ పండ్లు పెట్టొద్దు. పండే పండులోంచి వచ్చే గాలికి గడ్డలోని మొగ్గ చచ్చిపోతుంది. తెల్లటి గుత్తి నర్గిస్‌కి అసలు అంత చలి అక్కర్లేదన్న సంగతి ఆపాకి తర్వాత తెలిసింది. తెలిసుంటే ఆ ఒక్క గడ్డా చాకు పాలయ్యేది కాదు.

పదిహేను గడ్డల కోసం మూడు నెలలు ఆ ఇంట్లో సేబ్ పండ్లు బయట బుట్టలోనే ఉన్నాయి. మనవలకి తాకీదు. సొరుగు మీద ఉర్దూలో, తెలుగులో కాగితం అంటించింది. "ఇది ప్యాజ్ కాదు."

ఇక రెండో సంగతి, ఊన్.

మా ఆపాకి బునాయీ చిన్నప్పటినుంచి వచ్చు. సీధా, ఉల్టా, సీధా, ఉల్టా అని ఆమె సలాయిలు కదుపుతుంటే నేను పక్కన పడుకుని నిద్రపోయేవాణ్ని. మా అందరి స్వెట్టర్లూ ఆమె చేతివే. గుచ్చుకునే చౌకరకం ఊన్. పొట్టయిపోయిన స్వెట్టర్ విప్పి, ఉతికి, వంకీలు పోవడానికి బరువు కట్టి ఆరేసి, అదే ఊన్‌తో ఇంకొకరికి అల్లేది. నా ముదురు ఆకుపచ్చ స్వెట్టర్ అంతకుముందు రెండు ఒళ్లు చూసొచ్చింది. నలభై ఏళ్లలో ఆపా చేతికి కొత్త గోలా వచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మెత్తటి గోలా అయితే ఒక్కటీ రాలేదు.

పోయిన డిసెంబర్‌లో పెన్షన్ డబ్బుల్లోంచి ఆమె నాలుగు గోలాలు తెప్పించుకుంది. ఒక్కోటీ యాభై గ్రాములు. అసలైన పష్మ్. వెండిబూడిద రంగు. మొత్తం కలిపి పదివేలకి కాస్త తక్కువ.

ఆ వారం మా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ మీద ఈ లెక్క బయటపడింది. ఒకరు "తౌబా" అన్నారు. ఒకరు "హైదరాబాద్‌లో చలి ఎన్నిరోజులని?" అన్నారు. ఒకరు మెల్లగా "ఇస్రాఫ్" అన్నారు. దుబారా అని అర్థం, గునా అని ధ్వని. ఫ్రిజ్‌లో జహర్ సంగతి మళ్లీ లేచింది. నవ్వులు. అప్పుడు నేను, పత్రికల్లో ఇరవై ఏళ్లుగా ఇన్సాఫ్ గురించి రాస్తున్న నేను, ఇట్లా అన్నాను. "ఆపా, ఈ పైసలతో ఇద్దరు యతీమ్ పిల్లల ఫీజు కట్టొచ్చు గదా."

మాట బాగుంది. సభలో చెబితే చప్పట్లు పడతాయి. ఆపా ఏమీ అనలేదు. తన ప్లేట్‌లోని ఖుబానీ కా మీఠా వేలితో అటూ ఇటూ జరిపి, "హౌ, కట్టొచ్చు" అంది. చాయ్ తాగకుండానే ఆటో పిలవమంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా మాటలో తప్పేముంది అని నాతో నేనే బహస్ చేసుకున్నా. తప్పు మాటలో లేదు. ఆ మాట నేను ఎవరితో అంటున్నాను, ఎవరితో ఎన్నడూ అనలేదు అన్నదాంట్లో ఉంది.

మా దుల్హేభాయ్‌కి కబూతర్‌ల షౌఖ్. ముప్ఫై ఏళ్లు మిద్దె మీద నలభైకి తక్కువ కాకుండా పావురాలుండేవి. వాటికి సజ్జలు, జొన్నలు, చలికాలంలో బాదం. పతంగుల రోజుల్లో మాంజాకి వేరే ఖర్చు. జుమాకి ఊద్ అత్తర్ వేరే. ఎవరూ ఇస్రాఫ్ అనలేదు. "క్యా నవాబీ మిజాజ్ హై!" అనేవాళ్లు. నేనూ అన్నాను. ఆ మిద్దె మీది రెట్టలు ముప్ఫై ఏళ్లు ఊడ్చింది ఆపా. నా సంగతి చెప్పనా? ఇరానీ హోటళ్లలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ల మీద నేను తగలేసిన పైసలు, మళ్లీ తెరవని పుస్తకాల మీద పెట్టిన పైసలు కలిపితే ఎందరు యతీమ్‌ల ఫీజులు? ఎవరైనా అడిగారా? మగవాడి షౌఖ్‌ని మిజాజ్ అంటాం. ఆడమనిషి షౌఖ్‌ని ఖర్చు అంటాం.

ఇస్రాఫ్ మాట ఎత్తినవాళ్లకి ఒక్క ముక్క. ఇస్రాఫ్ వద్దన్న ఆయత్ సూరా అల్-ఆరాఫ్‌లో ఉంది. దాని వెంటనే వచ్చే ఆయత్‌లో, అల్లా తన బందాల కోసం ఇచ్చిన జీనత్‌ని, అందాన్ని, హరామ్ చేసిందెవరన్న సవాల్ ఉంది. మనవాళ్లు మొదటి ఆయత్ ఆడవాళ్లకి వినిపిస్తారు, రెండోదాని దగ్గర పేజీ తిప్పేస్తారు. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి నేను ఆలిమ్‌ని కాను.

నా పేషాకి సంబంధించిన తప్పు ఇంకా పెద్దది. ఇరవై ఏళ్లలో ముస్లిం ఔరత్‌ల హునర్ గురించి ఎన్నో కథనాలు రాశాను. కుట్టు మిషన్ల పంపిణీ. జర్దోజీ నేర్చుకుని ఇల్లు నిలబెట్టిన బేవా. అచార్లు అమ్మి కూతుర్ని డాక్టర్ చేసిన తల్లి. అన్నీ నిజాలే, రాయదగ్గవే. కానీ వెనక్కి తిరిగి చూస్తే ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పైసలు తెచ్చిన హునర్ గురించి తప్ప నేనెన్నడూ రాయలేదు. సూది పట్టిన చేయి ఎవరికోసమో కుడితేనే నాకు ఖబర్. తనకోసం, ఊరికే, ఇష్టం కొద్దీ ఒక ఆడమనిషి రెండు గంటలు కూర్చుంటే అది నాకు ఖబర్ కాదు, ఖాళీ.

ఈ ఖాళీ అన్న మాట ఎంత మోసకారిదో నర్సాపురం చెబుతుంది. పశ్చిమ గోదావరి నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు తరాలుగా దారంతో లేసు అల్లుతున్నారు. సముద్రాలు దాటి అమ్ముడుపోయిన లేసు అది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ వాళ్ల మీద 1982లో ఒక పుస్తకం తెచ్చింది. పొద్దస్తమానం అల్లే ఆ ఆడవాళ్లని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదని, ఇంట్లో తీరిక వేళ అల్లుకునే గృహిణులని అంటూ అతి తక్కువ కూలితో సరిపెట్టారని అందులో చూపించింది. ఇప్పుడు మా ఆపా సంగతి పక్కన పెట్టి చూడండి. ఆడమనిషి మజ్దూరీ చేస్తే దాన్ని షౌఖ్ అన్నారు, కూలి ఎగ్గొట్టడానికి. ఆడమనిషి షౌఖ్ చేస్తే దీనివల్ల ఫాయిదా ఏంటి అన్నారు, ఆ వేళని లాక్కోవడానికి. రెండుచోట్లా పోయింది ఒకటే. ఆమె చేతి వక్త్. దానికి ఇజ్జత్ లేదు.

అట్లాగని పష్మ్ కొనడంలో అడగాల్సిన ప్రశ్న లేనే లేదనను. ఉంది. అయితే అది "ఎందుకు కొన్నావు" అని కాదు. "ఆ ధర ఎవరికి చేరింది" అని.

లద్దాఖ్‌లో చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి ఉంది. పధ్నాలుగు వేల అడుగుల ఎత్తు. చలికాలంలో మైనస్ ముప్ఫై డిగ్రీలు కూడా దాటుతుంది. అక్కడ చాంగ్పా అనే సంచార పశుపాలకులు మేకల్ని కాస్తారు. ఆ చలికి తట్టుకోవడానికి మేక పైజుట్టు కింద సన్నటి నూగు పుడుతుంది. దాని పోగు మన వెంట్రుక మందంలో దాదాపు నాలుగో వంతు. అదే పష్మ్. ఎండాకాలం మొదలవుతుంటే మేక దాన్ని తనే రాల్చుకోబోతుంది, అప్పుడు దువ్వి తీస్తారు. ముతక జుట్టు ఏరేశాక ఒక మేకకి ఏడాదికి మిగిలేది వంద, నూటయాభై గ్రాములు. అంటే ఆపా ఒళ్లోని నాలుగు గోలాలు రెండు మేకలు ఒక చలికాలమంతా కప్పుకున్న వెచ్చదనం. ఇది చదివినప్పుడు నాకు ఫ్రిజ్‌లోని గడ్డలు గుర్తొచ్చాయి. పువ్వుకీ చలే కావాలి, పష్మ్‌కీ చలే కావాలి. మన దక్కన్‌లో ఎంత డబ్బు పోసినా ఆ చలి దొరకదు.

లద్దాఖ్ నుంచి ఆ పష్మ్ శ్రీనగర్ చేరుతుంది. అక్కడ ఆడవాళ్లు దాన్ని బియ్యప్పిండితో శుభ్రం చేసి, ఇంట్లోనే యెండర్ అనే చరఖా మీద వడుకుతారు. వేలికొసలతో తప్ప తెలియనంత సన్నటి దారం. ఆ తర్వాత మగ్గం, ఆ తర్వాత కొందరు వాటి మీద నెలల తరబడి చేసే సోజ్నీ సూదిపని. చేత్తో వడికిన ఆ దారం నేతకే గానీ సలాయిల మీద అల్లడానికి ఆగదు. ఆపా తెప్పించుకున్నది మిల్లులో వడికి, పోగులు కలిపి మెలిపెట్టింది. మిల్లులు వచ్చాక, కూలి గిట్టక, శ్రీనగర్‌లో చాలామంది ఆడవాళ్లు యెండర్‌ని అటకెక్కించేశారు. వాళ్లు వడికిన షాల్ లక్ష పలికినా వాళ్ల చేతికొచ్చేది కొద్దిగే.

ప్రతి చలికాలం మన బస్తీలకి కశ్మీరీ షాల్‌వాలాలు మూటలు మోసుకుని వస్తారు. మనం వాళ్లతో ఎట్లా మాట్లాడతామో గుర్తు చేసుకోండి. "భాయ్, సగానికిస్తావా?" సగానికి ఇవ్వగలిగింది పష్మీనా కాదు. రోడ్డు పక్కన అయిదు వందలకి పష్మీనా పేరుతో దొరికేది విస్కోసో, యాక్రిలికో. దాంట్లో మేక లేదు, వడికిన చేయి లేదు. పదివేలు పెట్టి నాలుగు గోలాలు కొన్న ఆపాని ఫుజూల్ ఖర్చీ అన్న మనమే, అయిదు వందల నఖిలీ పష్మీనాలు అయిదు కొని బీరువాలో పడేస్తాం. ఏది ఇస్రాఫ్? ఒక్కటి కొను, అసలుది కొను, బేరమాడకుండా కొను. ఆ పైసల్లో చాంగ్పా వాటా, వడికిన ఆమె వాటా ఎంతని దుకాణందార్‌ని అడుగు. షౌఖ్ ఉన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది. వేరొకరి మజ్దూరీ మింగి తీర్చుకునే షౌఖ్‌ని నేనూ సమర్థించను. కానీ ఈ హిసాబ్ నవాబుల షాల్‌ల దగ్గర మొదలుపెట్టాలి. పెన్షన్ తీసుకునే ఉర్దూ టీచర్ నాలుగు గోలాల దగ్గర కాదు.

జనవరి మొదటి వారంలో గడ్డలు ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చాయి. నర్గిస్‌లు వెడల్పాటి గిన్నెలో గులకరాళ్ల మధ్య. సుంబుల్‌లు ఒక్కోటీ ఒక్కో జామ్ సీసా మూతి మీద, గడ్డ అడుగు నీటికి తగిలీ తగలనట్టు. నీళ్లలో మునిగితే గడ్డ కుళ్లిపోతుంది. లాలాలు మట్టి కుండీలో. ముందు చీకటి మూలన, వేళ్లు దిగాక తూర్పు కిటికీ దగ్గర. అస్ర్ తర్వాత ఆపా ఆ కిటికీ దగ్గరే కూర్చుని అల్లేది. నేను ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేది. ఆమెని ఆటో ఎక్కించిన రోజునుంచి అట్లానే ఉంది. నేను మాఫీ అడగలేదు. అడగడం ఎట్లాగో తెలియలేదు.

జనవరి నెలాఖరులో ఒకరోజు ఫజ్ర్ వేళకి ఫోన్. గుండె దడదడలాడింది. ఆ వేళకి వచ్చే ఫోన్లు మంచివి కావు.

"ఛోటే, నర్గిస్ కళ్లు తెరిచింది. రా."

వెళ్లాను. తెల్లటి రేకులు, నడుమ చిన్న పసుప్పచ్చ కప్పు. ఒక్క కాడకే గుత్తి. ఇన్నేళ్లూ కన్ను, కన్ను అని రాశానే, నిజంగానే కన్ను. కాస్త వంగి, నిద్ర తీరని కన్ను. గది నిండా ఖుష్బూ. వారం తర్వాత సుంబుల్. నాలిగింటిలో మూడే పూశాయి. ఊదారంగు. చిన్న చిన్న పువ్వులు కంకిలా కమ్ముకుని, ఒక్కో రేకూ కొసన వెనక్కి తిరిగి రింగు చుట్టుకుని ఉంది. ఆపా వేలితో చూపించింది. "చూసినవా? అందుకే జుల్ఫ్ అన్నరు. షాయర్‌లు జూట్ చెప్పలే. మనకే తెల్వలే." ముప్ఫై నాలుగేళ్ల పాఠం ఆ కిటికీ దగ్గర పూర్తయింది.

లాలా పూయలేదు. ఐదింటికి ఆకులొచ్చాయి. రెండింటిలో మొగ్గ కనిపించింది, కాడ లేవకుండానే ఎండు కాగితంలా అయిపోయింది. చలి చాల్లేదో, ఫిబ్రవరి ఎండ తొందరపడిందో. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర పెద్ద లాలా తోట ఉంది, వసంతంలో లక్షల పువ్వులు పూస్తాయి. దుల్హేభాయ్, ఆపా ఒకసారి పోదామనుకున్నారు. కుదరలేదు. "లాలా దాగ్ మాత్రం చూడలేకపోయిన" అంది ఆపా. అని, "మళ్లీ అక్టోబర్‌ల పెడతా" అంది.

ఇంకో మాట చెప్పాలి, లేకపోతే బేఈమానీ అవుతుంది. ఇట్లా ఇంట్లో నీళ్ల మీద పూయించిన గడ్డలు ఒక్కసారికే. ఉన్న బలమంతా ఆ పదిరోజుల పువ్వుకే పెట్టేస్తాయి. మన ఎండల్లో మళ్లీ పూయవు. మూడు నెలల ఎదురుచూపు, పదిరోజుల పువ్వు, ఆ తర్వాత చెత్తబుట్ట. ఫాయిదా హిసాబ్ వేసేవాళ్లకి ఇంతకంటే ఫుజూల్ పని లేదు. నేనూ ఆ హిసాబే వేశాను. అయితే ఆ పదిరోజుల్లో వీధిలోని పిల్లలు ఎంతమంది వచ్చి చూశారో, ఆపా వాళ్లని నేల మీద కూర్చోబెట్టి నర్గిస్ ఏదో, సుంబుల్ ఏదో చెప్పిందో నేను లెక్కలో వేయను. వేస్తే మళ్లీ అదే తప్పు. ఎవరికో పనికొచ్చింది కాబట్టి ఆమె షౌఖ్ జాయజ్ అన్నట్టవుతుంది. ఒక్క పిల్ల రాకపోయినా జాయజే. ఆమెకి చూడాలనిపించింది. తన పైసలతో చూసింది. అంతే.

దోస్తులారా, మీ ఇంట్లోనూ ఒక ఆపా ఉంటుంది. అమ్మీయో, ఫుప్పూనో, ఖాలానో. జిందగీ అంతా పాత స్వెట్టర్ విప్పి కొత్తది అల్లిన చేతులు. ఏదో ఒకరోజు ఆమె తనకోసం ఏదైనా కొనుక్కుంటుంది. ఖరీదైన ఊన్ కావచ్చు, రంగుల పెట్టె కావచ్చు, ఇత్తడి పాన్‌దాన్ కావచ్చు. ఆరోజు ఎవరికోసం అని, ఎంతైంది అని, ఎందుకు అని అడక్కండి. వజహ్ అడిగే హక్కు మనకి లేదు. మీ షౌఖ్‌లకి ఆమె ఎన్నడూ వజహ్ అడగలేదు. మీ మిద్దె ఊడ్చింది.

పోయిన జుమా రోజు షాల్ పూర్తయింది. గోరువెచ్చటి నీళ్లలో మొదటిసారి ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి, మంచం మీద పరిచి ఆరబెట్టింది ఆపా. అప్పటిదాకా కాస్త పలచగా, ఫందాల సందులు కనిపిస్తూ ఉన్న అల్లిక ఆరేకొద్దీ విచ్చుకుంది. నూగు లేచి సందులన్నీ నిండాయి. పష్మ్ అంతేనట, మొదటి ఉతుకు తర్వాతే పూస్తుందట.

బహూ అడిగింది, "అమ్మీజాన్, ఇది షార్జా పంపిస్తారా?"

"నై" అంది ఆపా. "నాకే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను మాఫీ అడుగుదామని నోరు తెరిచాను. ఆమె షాల్ భుజాల మీద కప్పుకుని, బయట ముప్ఫై రెండు డిగ్రీల ఎండ ఉందని తెలిసీ కప్పుకుని, "ఛోటే, ఫ్యాన్ పెంచు" అంది.

లేచి పెంచాను.